చేతుల మీద నీళ్ళు

మా జోంబా ఊళ్ళో ఆసుపత్రి వాళ్ళు మందులిస్తారు, రోగికి వంట మాత్రం మనమే చూసుకోవాలి. తోడుగా వచ్చినవాళ్ళకి వెనకాల ఒక రేకుల షెడ్డు ఉంది. మా ఆయన మామిడిచెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు, మూడు వారాలుగా నా కాపురం అక్కడే.

నా పక్క పొయ్యి తడాలా అనే పిల్లది. వాళ్ళమ్మ నాఫిరికి కడుపులో ఆపరేషన్ అయింది. ఈ పిల్ల రోజూ మొక్కజొన్న పిండితో న్సిమా ముద్ద కెలికి, గుమ్మడాకు కూరతో పళ్ళెం నిండా పెట్టి తల్లికి పట్టుకెళ్తుంది. తను గిన్నె గోకి నాకుతుంది.

"తిన్నావా?" అంటే, "తిన్నానక్కా."

"ఎప్పుడే? నా కళ్ళు ఇక్కడే ఉన్నాయిగా!"

బుధవారం నీళ్ళ బకెట్ ఎత్తబోయి తూలింది. పట్టుకున్నాను గానీ, నాకు ఒళ్ళు మండిపోయింది.

"నువ్వూ మంచమెక్కితే మీ అమ్మనెవరు చూస్తారు? నేనా? మా ఆయన గోలకే నా తల ప్రాణం తోకకొస్తోంది!"

"అమ్మ రెండు ముద్దలకి మించి తినట్లేదక్కా. నాకెలా దిగుతుంది?" అని ఏడ్చింది.

సరే, ఆవిడకీ నాలుగు చివాట్లు పెడదామని వార్డుకి వెళ్ళాను.

"దాని బుగ్గలు చూశావా, ఎలా పీక్కుపోయాయో? తిన్నానని అబద్ధాలాడుతుంది. దాన్ని చూస్తూ నేనెలా తిననూ?" అంది నాఫిరి.

బాగుంది సంబడం! తల్లి తినలేదని కూతురు, కూతురు తినలేదని తల్లి.

మధ్యాహ్నం తడాలాని వెంటబెట్టుకుని, ఇద్దరికీ సరిపడా పెద్ద పళ్ళెంతో పాటు చేతులు కడిగే చెంబూ, బేసినూ నేనే మోసుకెళ్ళాను. మా వైపు చిన్నవాళ్ళే పెద్దల చేతుల మీద నీళ్ళు పోయాలి. తడాలా చెంబు అందుకోబోయింది. నాఫిరి ముందే లాక్కుంది.

"చేతులు పట్టు."

"అమ్మా, తప్పు! అందరూ చూస్తున్నారు."

"చూడనీ. రోగిని నేనైతే చిక్కిపోయేది నువ్వా? పట్టవే!"

మంచం మీంచే పోసింది. సగం నీళ్ళు దుప్పటి తాగింది. పక్క మంచం ముసలమ్మ నోరు వెళ్ళబెట్టింది. తల్లీకూతుళ్ళు ఒకే పళ్ళెంలో తింటుంటే నాకు కడుపు నిండిపోయింది. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా కదల్లేదు.

"రేపట్నుంచి ఇంకో రెండు గుప్పెళ్ళ పిండి వెయ్యి," అని తడాలాకి చెప్పి, మా ఆయన దగ్గరికి ఆయన పళ్ళెమూ, చెంబూ, బేసినూ పట్టుకెళ్ళాను.

"ఇంతాలస్యమా? నువ్వు తిన్నావా?" అన్నాడు.

"ఆ, తిన్నాను."

అంత తేలిగ్గా వచ్చేసింది అబద్ధం. మూడు వారాలుగా నేను చెప్తున్నదీ అదే. నాకు నవ్వాగలేదు. ఆయన చేతుల మీద నీళ్ళు పోశాక, మంచం మీద ఆయన పక్కనే కూర్చుని, మిగిలిన నీళ్ళు నా చేతుల మీద నేనే పోసుకున్నాను.