మైలయింటి పొగ

మార్గశిరమాసమున నొకానొక ప్రభాతసమయమున హిమధూమావృతమై దిగ్విభాగము తెలియరాక తెల్లని చీకటివలె గనుపట్టుచున్న గద్దెకొండదుర్గముపై సూర్యబింబము తోమని రాగిపళ్లెమువలె కాంతిహీనమై వ్రేలాడుచుండెను. పక్షుల రొద లేదు. గాలి లేదు. ప్రాకారముక్రింద విడిసియున్న పరదేశసేనలోని గుఱ్ఱముల సకిలింపు సయితము మంచులో జిక్కి సగముదారిలోనే యణగిపోవుచుండెను. ఆ నిశ్శబ్దమున నిట్టనిలువుగా లేచుచున్నవి దుర్గములోని యిండ్ల పొగలు మాత్రమే.

ప్రాకారము నానుకొని నలువదిరెండిండ్లు గలవు. ఏ యింటివారు ఆ యింటివెనుకటి గోడను గాచుట అచ్చటి కట్టడి. స్త్రీలును శిశువులును వృద్ధులును డెబ్బది గ్రామముల ప్రజలతో గూడి కొండవెనుక పెద్దేఱు దాటి యరణ్యము జేరుటకై బయలుదేఱిరి. తొమ్మిదిదినములు కోట నిలిచిన వారందఱును దాటుదురు. నిలువకున్న శత్రువు నదియొడ్డుననే వారిని బట్టును. దుర్గాధిపతియగు చెన్నమనాయకుని భార్య అక్కమాంబ పోక నిలిచెను. నిండుచూలాలగు ఆమె కూతురు నాగమ ఆ పోవువారిలో నుండెను.

మూడవదినమున ఆ యిండ్లలో నొకదానివాడగు కొమ్మయ్యయు నతని యిద్దఱు తమ్ములును మడిసిరి. మఱునాడు వారి యింట పొయ్యి రాజలేదు. ఆ పూటనే శత్రువుల నిచ్చెనలు సరిగా ఆ యింటివెనుకటి గోడకే పడినవి. ఎదుటి గుట్టపై మంచుమధ్యమున గదలక కూర్చుండిన వేగువాని జూచినంతనే అక్కమాంబకు సర్వమును బోధపడెను. వాడు పొగలు లెక్కించుచున్నాడు.

ఆమె పుల్లలు చంకనిడుకొని కొమ్మయ్యయింటి గడప యెక్కుచుండగా తనవలెనే పోక నిలిచిన నాయకుని మేనత్త పోలమ్మ అడ్డుపడెను.

"చచ్చినవాని యింట పదిదినములు పొయ్యి రాజదని యెఱుగవా కోడలా? నాయకుని యాలవైనంతమాత్రమున మైల నిన్ను జూచి ప్రక్కకు దొలగునా?"

"తొలగకున్న నన్నే యంటుకొననిమ్ము అత్తా. మనము మృతులకు జేసిన మర్యాద శత్రువునకు దారి చూపినది."

"నీ యత్తగారు బ్రతికియున్న నిన్ను పుట్టింటికి దఱిమియుండును."

"అప్పుడు నాగమతో గలసి ఏఱు దాటెడిదానను," అని అక్కమాంబ లోపలికి బోయెను.

నాటినుండి ఆమె ప్రతిప్రభాతమునను మృతుల యిండ్లన్నింటను నీళ్లకుండలక్రింద నిప్పు రాజేయుచుండెను. ఒక యింట ఆరవేసిన పంచె. ఒక యింట సగము తినిన రొట్టె. పొయ్యి యూదుచున్నప్పుడు వెనుకనెవరో గొంతు సవరించుకొనినట్లు తోచుచుండెను. ఆమె తిరిగి చూచెడిది కాదు.

ఆఱవదినమున చెన్నమనాయకుడు మడిసెను. శవమును దింపిన చేతులతోనే అక్కమాంబ తన పొయ్యియొద్ద గూర్చుండెను, నిప్పు అంటుకొనలేదు. పోలమ్మ వచ్చి కుంపటిలోని నిప్పుకణికలను పొయ్యిలో నునిచెను.

"ఊదుము కోడలా. కట్టె తడిగానున్నది. కన్నీరు పొగవలన వచ్చినదని చెప్పుకొనవచ్చును."

ఎనిమిదవ యుదయమున జ్వరతప్తయై అక్కమాంబ ప్రొద్దెక్కినపిమ్మట లేచెను. వెలుపలికి బరుగెత్తి చూడగా నలువదిరెండు పొగలును యథాప్రకారము లేచుచుండెను.

"నీవు వెలిగించితివా అత్తా?"

"నా మోకాళ్లకు ఇన్ని గడపలా? నీవే వెలిగించి వచ్చి పండుకొంటివనుకొంటిని."

అక్కమాంబ కొమ్మయ్యయింటి తలుపు దోసెను. బూడిదలో అడుగుజాడ లేదు. కుండలో నీరు తెర్లుచుండెను. పొయ్యియెదుట మూడు పీటలు వాల్చియుండెను. ఆమె గడప దాటలేదు.

"నాగమ యింకను దాటలేదు నాయనలారా. ఒక్కదినము," అని మెల్లగా బలికి తలుపు చేరవేసెను.

తొమ్మిదవ మధ్యాహ్నమున ఆవలియొడ్డుబండపై తెల్లని వస్త్రము గనబడెను. అందఱును దాటిరి. ఆ సాయంకాలమే కోట పడెను. శత్రుసేనాని ప్రతిగృహమును దెఱపించి చూచి విభ్రాంతుడై అక్కమాంబను బిలిపించెను.

"నలువదిరెండు పొయ్యిలు. నేడు నన్నెదిరించినవారు పదునొక్కరు. తక్కినవారెక్కడ?"

"నీవే చంపితివిగదా, మఱచితివా?"

"మఱి వండినదెవరు?"

"కొన్ని నేను."

"తక్కినవి?"

"నీవు తెఱపించిన తలుపులయొద్దనే నిలిచియున్నారు. అడుగుము."

సేనాని అటు చూడలేదు. భటులు కోటలో బండుకొనుటకు ఒప్పుకొనలేదు. ఆ యిద్దఱు స్త్రీలును పిశాచములని వెఱచి వారిని వెడలగొట్టిరి.

ఏటికావల నాగమ ఆడుబిడ్డను గని చెట్లనీడ బరుండియుండెను. అక్కమాంబ ఆ బిడ్డను దూరమునుండియే చూచెను. గ్రామపెద్దలు తలలు వంచుకొని కూర్చుండిరి. కోట పోయినది, ఇక దాసోహమనుట మేలని వారి యాలోచన. మైలలోనున్న ఆమెకై ఎవరో వండితెచ్చిన యన్నమును ముందుంచిరి.

ఆమె దానిని ముట్టలేదు. మూడు రాళ్లు దెచ్చి పేర్చి పుల్లలెగదోసి నిప్పు రాజేసెను.

"అమ్మా, నాయకులవారు పోయి నాలుగునాళ్లయిన గాలేదు!" అని యొక పెద్ద నిలువబడెను.

"ఆయన కావలి యింకను దిగలేదు," అని ఆమె బియ్యము గడిగెను.

అంతట కొమ్మయ్య భార్య లేచి దవ్వున మూడు రాళ్లు పేర్చెను. పిదప మఱియొకతె. ప్రొద్దు గ్రుంకులోపల నది పొడవునను నలువదిరెండు పొయ్యిలు రాజినవి. వానిలో అయిదిండ్లవారికి ఏ బంధువును మిగిలియుండలేదని పోలమ్మ యెఱుగును, అక్కమాంబయు నెఱుగును. ఆ యైదు పొయ్యిలయొద్దకు ఆమెయే అన్నము గొనిపోయి విస్తళ్లు పఱచి వెనుదిరిగి చూడక వచ్చెను.

ఆ యన్నము దినినవారెవరును దాసోహమను మాట మఱల నెత్తలేదు. స్వాతంత్ర్యము లభించుటకు పదునొకండేండ్లు పోరవలసివచ్చినది. ఆ యుద్ధపు తొలియుదయమున మంచులో ఏఱు దాటి దుర్గమువైపు నడచిన యోధులు మాత్రము తామెందఱో లెక్కించుకొనుటకు సాహసింపలేదు.