వేరు వాసన

చెంగల్రాయుడు ఇంకో పిలకను విడదీసి, ఆకును జానెడుకు కోసి, వేరును వేలెడంత ఉంచి, తడి గోనెపట్టా మీద పడుకోబెట్టాడు. తెల్లవారింది గాని ఎండ ఇంకా కొండ దాటలేదు. ముందురోజు స్వర్ణముఖి ఒడ్డున తవ్వి తెచ్చిన వట్టివేరు దుబ్బు అతని మోకాళ్ల మధ్య ఉంది. దాన్ని చేతులతోనే విడదీయాలి; కత్తి పెడితే మొలిచే కన్ను తెగిపోతుంది. అతని గోళ్లు పలకలుగా చీలి మట్టిరంగుకు తిరిగాయి. పిలక విడివడేటప్పుడు వచ్చే చిన్న చప్పుడు కోసం అతడు చెవి ఒగ్గేవాడు. చప్పుడు మెత్తగా వస్తే పిలక బతుకుతుంది.

అతని ఎదుట వాలు ఉంది. కొండ మొదట్లో, అలిపిరి దారికి పక్కగా, రిటైరైన తహసీల్దారు దేవనాథన్ కట్టించుకున్న ఇంటి వెనక పెరడు అది. వసారా అంచున మొదలై నూరడుగులు కిందికి దిగి, రాతిపనివాళ్ల గుడిసెల వెనక గోడల దగ్గర ఆగుతుంది. ఘాట్ రోడ్డు పనికి వచ్చినవాళ్లు, రోడ్డు తెరిచి ఏడాది దాటినా అక్కడే ఉండిపోయారు. చివరినుంచి రెండో గుడిసె చెంగల్రాయుడిది. అందులో కూతురు పోలేరమ్మ, రాళ్లు కొట్టే అల్లుడు, నాలుగు నెలల బిడ్డ. ఉయ్యాల వెనక గోడ పక్కనే వేలాడుతుంది.

పోయిన కార్తీకంలో వాలుమట్టి జారి పడింది ఆ గోడ మీదే. గోడ కింద అతని భార్య అలివేలమ్మ ఉండింది.

గోడను మళ్లీ కట్టారు. కార్తీకం మళ్లీ వస్తోంది. దీపావళి ఇంకా నాలుగు రోజులు. తూర్పున రెండు రోజులుగా మబ్బు కదలకుండా కూర్చుంది. వాలుకు అడ్డంగా అయిదు వరుసలు నాటాలని చెంగల్రాయుడు లెక్క వేసుకున్నాడు. నాలుగు పూర్తయ్యాయి. అయిదోది అన్నిటికన్నా కిందిది, గుడిసెలకు దగ్గరిది.

ఏం నాటాలో తేల్చుకోవడానికి అతనికి నెల పట్టింది. పెరటికి మొక్కలు చూడమని దేవనాథన్ చెప్పినప్పుడు అతడు ఏ తోటకూ వెళ్లలేదు. ఘాట్ రోడ్డు కోసం కొండను నిలువునా కోసిన చోటికి వెళ్లి నిలబడ్డాడు. అక్కడ కోతలో వేళ్లన్నీ బయటపడి ఉన్నాయి. మనిషి తన కాలి కింద ఏముందో చూడగల చోటు అదొక్కటే. తంగేడు వేరు నిటారుగా లోతుకు పోయింది, కాని విత్తు వేసి రెండేళ్లు ఆగాలి. కిత్తనార గట్టిగా పట్టుకుంటుంది, దాని ముళ్లు ఇంటివాళ్లు ఒప్పుకోరు. వావిలి అంచులకు పనికొస్తుంది, మధ్యకు చాలదు. వాగు అడ్డం వచ్చినచోట మాత్రం, కోత మీదినుంచి మనిషి ఎత్తున జడలాగా వేలాడుతూ, మట్టిని వదలకుండా ఉన్నది వట్టివేరు. దాన్ని పట్టుకొని లాగి చూశాడు. అతడే ముందుకు తూలాడు.

ఆ దుబ్బులను అన్ని రోజులుగా చేతుల్లో పెట్టుకొని పనిచేస్తున్నా దాని వాసన అతడు ఎరుగడు. కొండమీద ఒక మఠంవారి పూలతోటలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. దేవుడికి చేరకముందు పూవును మనిషి వాసన చూడకూడదు. పూలు కోసేవేళ ముక్కుకు పసుపుగుడ్డ కట్టుకోవాలి. మొదట్లో గుడ్డ అతణ్ణి ఆపేది. తరువాత గుడ్డ లేకపోయినా, మొక్క దగ్గరికి వంగితే చాలు, అతడు నోటితోనే ఊపిరి తీసేవాడు. నియమం మనిషిలో ఇంకిపోయాక దాన్ని చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు. చివరికి రొమ్ములో ఆయాసం పుట్టి, గుడ్డ కట్టుకుంటే ఊపిరాడక, కిందికి వచ్చేసి దేవనాథన్ పెరట్లో పనికి కుదిరాడు. పూలన్నీ దేవుడివే కనుక కొండమీద ఆడవాళ్లు పూలు ముడుచుకోరు. "పూలకాడ ముప్పయ్యేండ్లు ఉన్నోడివి, మల్లెపూవు వాసన ఎట్టుంటాదో తెలీదు. నీకు ముక్కెందుకయ్యా?" అని అలివేలమ్మ ఎగతాళి చేసేది. ఆ గుడ్డ ఇప్పుడు అతని నడుమున ఉంది. పిలకల కట్టకు తాడు దొరక్క తెచ్చుకున్నాడు.

వసారాలో పావుకోళ్ల చప్పుడయింది. దేవనాథన్ మెట్టుమెట్టుగా దిగి వచ్చి మొదటి వరుస దగ్గర ఆగాడు. పెద్దమనిషి, పచ్చని ఒళ్లు, నుదుట ఎర్రని గీత. గొంతు పెంచి ఎరుగడు.

"ఏమప్పా చెంగల్రాయా, ఇది తోటా, దుబ్బగడ్డి బీడా?"

"వేరు పట్టేదాకా ఇట్లనే ఉంటాది సామీ."

"రాత్రి బెంగుళూరునించి రోజాలు వచ్చేసినాయి. నలభై కుండీలు. పైన రెండు వరసలూ తీసేసి గుంటలు కొట్టు. వసారాలో కూర్చుంటే పూలు కండ్లకు ఆనాల."

చెంగల్రాయుడు లేచి నిలబడి తలగుడ్డ తీశాడు. అతని జీవితంలో ఎవరికీ కాదని చెప్పిన సందర్భం లేదు. అందువల్ల ఆ మాట ఎలా మొదలుపెట్టాలో అతనికి తెలియలేదు.

"తియ్యలేను సామీ."

"ఒళ్లు బాగలేదా? కూలికి మునెయ్యను పిలిపిస్తా."

"ఎవురూ తియ్యొద్దు. వాలులో గుంట కొడితే నీళ్లు ఆడ నిలబడి మట్టిని లాగేస్తాది. కుండీలో పెరిగిన వేరు కుండీ మాదిరే ఉంటాది, దానికి పట్టుకునేది తెలీదు."

"ఇన్నేండ్లుగా ఈ కొండకు వాన పడలేదా? పోయినేడు అయిందేదో అయిపోయె. విధి."

చెంగల్రాయుడు తన చేతుల వైపు చూసుకున్నాడు. "పోయినేడు ఈడ పొదలు ఉండె సామీ. తంగేడు, బలుసు, వావిలి."

"ఉండె. పాములని నేనే కదా కొట్టెయ్యమంటి."

"కొట్టెయ్యమని సెప్పినారు. పెరకమని సెప్పలేదు."

దేవనాథన్ అతని వైపు తిరిగాడు.

"మొదలుకాడ నరికుంటే వేర్లు మట్టిలోనే ఉండును. నేను పెరికినాను. పలుగేసి, ఒక్కొక్క దాన్నీ, మొదలంటా. మఠంలో అట్లనే నేర్పినారు. దేవుని మొక్క కానిది ఏదుండినా వేరు మిగలగూడదు. అది సదును నేల. ఇది వాలని నాకు తట్టలేదు సామీ. తొమ్మిది దినాలు పెరికినాను. బాగా సేసినావని మీరు ఆ పొద్దు మెచ్చుకుంటిరి."

ఇంటిలోంచి ఎవరో కాఫీకి పిలిచారు. దేవనాథన్ కింది గుడిసెల వైపు చాలాసేపు చూశాడు. ఆ వైపు అతడు అంతవరకు నిలబడి చూసినట్టు లేదు.

"ఈ వానలు పోనీ," అన్నాడు చివరికి. "పోయినాక చూస్తాము. రోజాలు కుండీల్లోనే ఉండనీ." ఎక్కేటప్పుడు అతని పావుకోళ్లు చప్పుడు చేయకుండా ఎక్కాయి.

ఒక వానకాలం గడువు. చెంగల్రాయుడికి అంతే కావలసింది. వానకాలం గడిచేలోగా వేరు మూరెడు దిగుతుంది. ఆ తరువాత లాగినా రాదు. అతడు చెక్కపలక ఒకదాన్ని వాలుకు అడ్డంగా నేల మీద వేసి, దాని మీద నీళ్లు పోసిన ఇత్తడిపళ్లెం పెట్టాడు. నీళ్లు ఏ అంచుకూ ఒరగకుండా నిలిచినచోట గీత గీశాడు. గీత వెంట పలుగుతో గుంటలు చేసి, జానకు రెండేసి పిలకలు పెట్టి, మడమతో మట్టి అదిమాడు. పది పిలకలకొకసారి ఆగి రొమ్ము పట్టుకున్నాడు. నిలబడితే తగ్గే నొప్పి ఈవేళ నిలబడినా తగ్గలేదు.

మధ్యాహ్నం పోలేరమ్మ సంగటిముద్ద, పుల్లగూర తెచ్చింది. చంకలో బిడ్డ నిద్రపోతోంది.

"మొగమేంది నాయనా అట్ల నల్లబడిండాది? పోయి పండుకో. మిగిలింది రేపు నాటొచ్చు."

"రేపటిదాకా అది ఆగదు." అతడు మబ్బును గడ్డంతో చూపాడు. "ఈ రేత్రికి బిడ్డను ఎదురింట్లో పండబెట్టుకో."

"ఒకనాటికైతే పండబెట్టుకుంటా. వానకాలమంతా ఎవురు రానిస్తారు?" ఆమె వరుసను ఈ చివరినుంచి ఆ చివరికి చూసింది. "గడ్డికి గీత గీసి పంక్తి వేసినావే. అమ్మ ఉంటే ఇస్తరాకులు తెమ్మనుండును."

అతడు నవ్వబోయాడు. దగ్గు వచ్చింది.

"పోలేరమ్మా. పోయినేడు ఆ మట్టి ఊరికే జారలేదు."

"వాన సేసినదానికి నువ్వేం సేస్తావు నాయనా? తిను."

దేవనాథన్‌తో పొద్దున చెప్పగలిగిన మాట ఇక్కడ చెప్పలేకపోయాడు. యజమాని ముందు తప్పు ఒప్పుకున్నవాడు పని చెడిందని ఒప్పుకుంటాడు. కూతురి ముందు ఒప్పుకోవాలంటే ఆమె తల్లిని మరొకసారి మట్టిలో పెట్టాలి. అతడు సంగటి సగం తిని, చెయ్యి కడుక్కుని, పలుగు అందుకున్నాడు. ఆమె గిన్నె తీసుకొని దిగిపోయింది.

పొద్దు వాలేటప్పటికి వరుసలో బారెడు మిగిలింది. మిగిలిన పిలకలు పధ్నాలుగు. అతడు వాటిని గోనెలో చుట్టి, పసుపుగుడ్డతో కట్టి, చంకన పెట్టుకొని ఆ చివరికి నడిచాడు. తొలి చినుకులు పెద్దవిగా, దూరదూరంగా పడ్డాయి. ఎండిన మట్టి వాటిని శబ్దంతో తాగింది. గుంట చేయడానికి పలుగు ఎత్తాడు గాని అది పైకి లేవలేదు. కూర్చుని ఊపిరి కూడదీసుకుందామని, నాటిన వరుసకు వీపు ఆనించి కట్టను ఒడిలో పెట్టుకున్నాడు. నోటితో తీసిన గాలి రొమ్ములోకి దిగలేదు. చాలా ఏళ్ల తరువాత, మొక్కను ఒడిలో పెట్టుకొని, అతడు ముక్కుతో గాలి పీల్చాడు.

అతడు భయపడ్డాడు. తరువాత, ఇది పూవు కాదని గుర్తుకొచ్చింది. వేరును వాసన చూడవద్దని ఎవరూ చెప్పలేదు.

ఆ వాసన కొత్తది కాదు. అలివేలమ్మ కోక మడతల్లో ఉండేది అదే. మడతల నడుమ ఆమె ఏం పెట్టుకునేదో ఇన్నేళ్లలో అతడు అడగలేదు. ఇంకొకసారి పీల్చాడు.

వాన పెద్దదవుతున్నా తండ్రి దిగి రాకపోయేసరికి పోలేరమ్మ తలమీద గోనె కప్పుకొని ఎక్కి వచ్చింది. అతడు కూర్చున్నట్టే ఉన్నాడు. అల్లుడూ మునెయ్యా వచ్చి ఎత్తుకొని దించారు. బురదలో కాళ్లు జారుతున్నా, వరుసను తొక్కకుండా చుట్టూ తిరిగి దిగారు. ఎవరూ చెప్పకుండానే అలా దిగారు.

వాన తెల్లవార్లూ కురిసింది. శవాన్ని పెట్టిన గుడిసెలో వెనక గోడ నిలిచింది. పైనుంచి దిగిన బురదనీరు వరుస వరుసకు ఆగి, మట్టిని అక్కడ దించి, తేటపడి గుడిసెల పక్కనుంచి పోయింది. అయిదో వరుసలో నాటని బారెడు చోట మాత్రం మూరెడు లోతున గండి పడింది. ఆ గండి నీరు పోలేరమ్మ గోడ అడుగును ఒకచోట తినేసింది. ముందు ఇంకా నెలన్నర వానలు ఉన్నాయి.

పొద్దున దేవనాథన్ గొడుగు వేసుకొని వసారా అంచుకు వచ్చాడు. నలభై కుండీల్లో రోజాలు తలలు వాల్చి ఉన్నాయి. అతడు పావుకోళ్లు విడిచి, ఉత్తకాళ్లతో, నాలుగు వరుసలూ దాటి కిందికి దిగాడు. గండి అంచున గోనెకట్ట ఒకటి పసుపుగుడ్డ ముడి వీడకుండా పడి ఉంది. పధ్నాలుగు పిలకల వేళ్లు తడికి ఉబ్బి, గోనె నేతలోంచి ఆ పాతగుడ్డ మీదికి వచ్చి, వాసన వేస్తున్నాయి.