నంబరు చదివే స్తంభాలు

వీధిలో అందరూ ఆమెను బ్రేకమ్మ అంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. కానీ కారు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ల పక్కన కూర్చుని ఏళ్ల తరబడి "బ్రేక్! బ్రేక్ తొక్కమ్మా!" అని అరిచీ అరిచీ ఆ పేరే స్థిరపడిపోయింది. ఆమె డ్రైవింగ్ స్కూలు, ఇల్లు రెండూ లెక్కల మాస్టారి ఇంటి కింది వాటాలోనే. ముందు గదిలో ఆఫీసు, వెనక గదుల్లో కాపురం. మాస్టారు ఉద్యోగ విరమణ చేసి, భార్య పోయాక పై వాటాలో ఒక్కడే ఉంటున్నాడు.

ఆమె చెల్లెలు చిట్టి భర్తను వదిలేసి వచ్చిన రోజున ఒక చెంప వాచి ఉంది. ఒక పెట్టె, పాత బూడిదరంగు కారు, అంతే తెచ్చుకుంది. బ్రేకమ్మ ఏమీ అడగలేదు. కారును పెరట్లో పెట్టించి గేటు వేసింది.

చిట్టి ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. తెల్లవారేసరికి డ్యూటీలో ఉండాలి కాబట్టి కారు లేకపోతే కుదరదు. పాత ఆసుపత్రి మానేసి, నది అవతల ఇంకోదాంట్లో చేరింది. ఫోను నంబరు మార్చింది. అక్కకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అయినా ఒక సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి భర్త పార్కింగులో, ఆమె కారుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. చెయ్యెత్తలేదు. గొంతు కూడా పెంచలేదు.

"కొత్త దారి బాగుందా? మొన్న వంతెన మీద ఇరుక్కుపోయినట్టున్నావు. ఇంకాస్త ముందు బయల్దేరాల్సింది."

చిట్టి ఇంటికి వచ్చాక చేతులు కడుక్కుంటూ చాలాసేపు కుళాయి దగ్గరే ఉండిపోయింది. తర్వాత అక్క కళ్లలోకి చూసింది.

"నువ్వేమైనా నోరు జారావా అక్కా?"

"నేనా?"

"మరి ఎవరు చెప్తారు? నీకు తప్ప ఎవరికి తెలుసు?"

బ్రేకమ్మకు కోపం రాలేదు. మర్నాడు చిట్టి కారును మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లి, జాడ చెప్పే పరికరం ఏదైనా అంటించాడేమో వెతకమంది. అతను బండిని పైకి లేపి, సీట్లు ఊడదీసి, బంపరు వెనక చెయ్యి పెట్టి తడిమి, చివరికి తల బయట పెట్టాడు.

"దీంట్లో తుప్పు తప్ప ఇంకేం లేదమ్మా."

అసలు సంగతి అనుకోకుండా తెలిసింది. ఒక బ్యాంకు గుమాస్తా బ్రేకమ్మ దగ్గర డ్రైవింగ్ నేర్చుకునేది. కూడలి కనబడితే చాలు, కాళ్లూ చేతులూ ఆడేవి కావు. ఒకరోజు వంతెన దిగగానే బండి ఆపేసి ఊపిరి తీసుకుంటోంది. ఆమె తేరుకునేదాకా బ్రేకమ్మ ఊరికే అటూ ఇటూ చూసింది. రోడ్డు పక్కన సన్నటి స్తంభం ఉంది. దాని మీద చిన్న సోలారు పలక, కింద పిడికెడంత నల్లటి డబ్బా. సిగ్నలు కెమెరాలా పై నుంచి చూడటం లేదు. వెళ్లిపోయే బండ్ల వెనక భాగాన్ని చూస్తోంది.

"అదేంటమ్మా?"

"అదా టీచర్? బండి నంబర్లు చదివేది. మా కాలనీ గేటు దగ్గర కూడా పెట్టించారు. ఏ బండి ఎప్పుడు ఎటు పోయిందో అన్నీ దాచుకుంటుందట."

"ఎక్కడ దాచుకుంటుంది?"

"ఎవరిదో కంపెనీ. పోలీసు కంట్రోలు రూములో కూర్చుని నంబరు కొడితే చాలట, బండి తిరిగిన చోట్లన్నీ వరసగా వచ్చేస్తాయట."

కంట్రోలు రూము అనగానే బ్రేకమ్మ మళ్లీ ఆ డబ్బా వైపు చూసింది. చిట్టి పెళ్లిలో వరుడి పక్కనుంచి కదలకుండా, ఫొటోలన్నిట్లోనూ పళ్లికిలించిన ప్రాణస్నేహితుడు పనిచేసేది అక్కడే.

ఆ సాయంత్రమే స్టేషనుకు వెళ్లింది. బల్ల దగ్గరున్న కానిస్టేబులు ఓపిగ్గానే విన్నాడు.

"అవి దొంగల కోసం పెట్టినవమ్మా. తప్పు చెయ్యనివాళ్లకి భయమెందుకు?"

"మా చెల్లెలు ఏం తప్పు చేసిందని రోజూ భయపడుతోంది బాబూ?"

"మీ దగ్గర సాక్ష్యం ఉంటే తీసుకురండి" అన్నాడతను. సాక్ష్యం వాళ్ల దగ్గరే ఉందని చెప్పినా లాభం లేదని ఆమెకు అర్థమైంది.

బ్యాంకు గుమాస్తాయే ఇంకో మాట చెప్పింది. ఇలాంటి కెమెరాలు ఎక్కడున్నాయో, ఏ దిక్కుకు చూస్తున్నాయో జనమే గుర్తుపెట్టే మ్యాపు ఒకటి ఇంటర్నెట్లో ఉందని. తెరిచి చూస్తే వాళ్ల ఊరి మీద రెండే చుక్కలున్నాయి. అందులో ఒకటి తప్పు, అక్కడున్నది వీధి దీపం.

అప్పటినుంచి బ్రేకమ్మ పాఠం మారిపోయింది. "అద్దం చూడు, ఇండికేటరు వెయ్యి, స్తంభం చూడు." నేర్చుకునేవాళ్లు మొదట నవ్వారు, తర్వాత పోటీలు పడ్డారు. ఒక అంబులెన్సు డ్రైవరు, పార్సిళ్లు తిప్పే అమ్మాయి కూడా కలిశారు. పార్కు వెనక ఒకటి, ప్రసూతి ఆసుపత్రి మలుపులో ఒకటి, శ్మశానం గోడ పక్కన కూడా ఒకటి.

"చచ్చినవాళ్లు ఎటు పారిపోతారని?" అన్నాడు అంబులెన్సు డ్రైవరు.

మ్యాపు నిండేకొద్దీ బ్రేకమ్మకు భయం పెరిగింది. కానీ నిండాక ఒక దారి మిగిలింది. కూరగాయల గోదాముల వెనక నుంచి, రైలు పట్టాల గోడ పక్కగా పోయి పాత ఇనుప వంతెన ఎక్కే దారి. చుట్టూ తిరిగి పోవాలి. గుంతలు. అయినా దాని మీద ఒక్క చుక్క కూడా లేదు. చిట్టి ఆ దారిన వెళ్లడం మొదలుపెట్టాక అతను కనబడటం మానేశాడు. ఒకరోజు అన్నం తింటూ తానే అక్కకు క్షమాపణ చెప్పింది. "ఆ గుంతల్లో పడి లేచి నా నడుం విరుగుతోంది, నీ మీద అనుమానపడ్డందుకు అదే శిక్ష అనుకో." అన్నాళ్ల తర్వాత ఇద్దరూ కలిసి నవ్వారు.

మ్యాపు సంగతి మాస్టారి చెవిన పడింది. ఆయన మెట్లు దిగి ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు.

"బడి దగ్గర కూడలిలో కెమెరాకి కూడా చుక్క పెట్టావట అమ్మాయ్?"

బ్రేకమ్మ లేచి నిలబడింది. మాస్టారి భార్యను కారు గుద్దేసి పోయింది ఆ కూడలిలోనే.

"పెట్టాం మాస్టారూ."

"ఆ కెమెరా లేకపోతే ఆ బండి దొరికేదా? వాడు బండికి రంగు కూడా మార్పించాడు. నంబరు దొరికింది కాబట్టే జైల్లో ఉన్నాడు. రేపు ఇంకొకడు మనిషిని గుద్ది, నీ మ్యాపు చూసుకుని కెమెరా లేని సందులోంచి పోతే?"

"మా చెల్లెలు, మాస్టారూ..." అంది బ్రేకమ్మ.

"నీకు చెల్లెలు ఉంది. నాకు ఆవిడ లేదు" అని ఆయన మెట్లెక్కి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి ఎదురుపడినా పలకరింపు లేదు.

కొన్ని వారాలు గడిచాయి. ఒకరోజు ఇనుప వంతెన మొదట్లో, బండ్లు నెమ్మదించక తప్పని చోట, చిట్టి భర్త రోడ్డు పక్కన రాతి దిమ్మె మీద కూర్చుని కనబడ్డాడు. కారు ఆగగానే కిటికీ దాకా వచ్చాడు.

"కెమెరాల్లో కనబడటం మానేశావు. అన్ని దారుల్లోనూ చుక్కలు పెట్టారుగా మీ అక్కావాళ్లు. పెట్టంది ఇదొక్కటే. వదినకి థాంక్స్ చెప్పు."

చిట్టి ఆ మాట చెబుతుంటే బ్రేకమ్మ మ్యాపు తెరిచి, చుక్క లేని ఆ ఒక్క దారినే చూసింది. తన చేత్తో తానే వాడికి దారి చూపించింది. ఆ రాత్రి మ్యాపు తీసేయాలనుకుంది. కానీ అది తనొక్కదానిది కాదు. అందరూ కలిసి పెట్టిన చుక్కల్ని చెరిపే హక్కు తనకెక్కడిది? పైగా చెరిపినా కెమెరాలు కళ్లు మూసుకుంటాయా?

మరికొన్ని కెమెరాలు పెట్టే విషయమై నగరపాలక సంఘం వాళ్లు బహిరంగ సభ పెట్టారు. మాస్టారు ముందు వరసలో కూర్చున్నాడు. తన భార్య సంగతి చెప్పి, కెమెరాలు కావాల్సిందేనన్నాడు. హాలంతా చప్పట్లు. తర్వాత బ్రేకమ్మ లేచింది. మాటలు తడబడ్డాయి.

"మా చెల్లెలి బండి నంబరు ఎవరైనా వెతికారా, లేదా? అదొక్కటి చెప్పండి చాలు."

వేదిక మీది పోలీసు అధికారి తల అడ్డంగా ఊపాడు. "వేరేవాళ్ల వివరాలు బయటపెట్టకూడదమ్మా. అది వ్యక్తిగత గోప్యతకు సంబంధించిన విషయం."

వెనక ఎవరో ఫక్కున నవ్వారు. పక్కనున్న చిట్టి లేచి, "ఆ నంబరు నాదే సార్. వివరాలూ నావే. నేనే అడుగుతున్నా" అంది.

అధికారి ముందున్న కాగితాలు తిరగేశాడు. మాస్టారు వెనక్కి తిరిగి చిట్టిని చూశాడు. చెంప మీద వాపు ఎప్పుడో తగ్గిపోయింది. కానీ ఆమె తలుపు వైపు చూస్తూ నిలబడిన తీరును ఆయన ఇంట్లో రోజూ చూస్తూనే ఉన్నాడు, పట్టించుకోలేదంతే. మళ్లీ లేచాడు.

"నా భార్య కేసులో నంబరు వెతకడానికి పై అధికారి అనుమతి తీసుకున్నామన్నారు. అనుమతి లేకుండా వెతకొచ్చా?"

"అంటే... కారణం రాయాలండి."

"ఏం కారణం రాసినా మీ కంప్యూటరు ఒప్పుకుంటుందా?"

అధికారి పక్కనున్నవాడి వైపు చూశాడు. హాల్లో చప్పట్లు లేవు. "కంచే చేను మేస్తుంటే, ఇంకో కంచె కట్టమని అడగడానికి వచ్చానా నేను?" అన్నాడు మాస్టారు, ఎవరితోనూ కాదు, తనలో తాను.

విచారణ జరిగింది. కంట్రోలు రూములోని ఆ స్నేహితుడు చిట్టి నంబరును ఎన్నోసార్లు వెతికాడని తేలింది. కారణం అన్నచోట "పరీక్ష" అని రాసుకున్నాడట. అతన్ని బదిలీ చేశారు. చిట్టి భర్తను పిలిచి హెచ్చరించి పంపారు. కెమెరాలు మాత్రం అనుకున్నవన్నీ పెట్టారు. ఇనుప వంతెన మీద కూడా ఒకటి వచ్చింది. దానికి చుక్క పెట్టింది మాస్టారే. కారు నేర్చుకోవడానికి బ్రేకమ్మ పక్కన డ్రైవరు సీట్లో కూర్చుని అద్దాలు సవరించుకుంటూ అన్నాడు:

"కెమెరాలు ఉండాలనే ఇప్పటికీ అంటాను అమ్మాయ్. ఉన్నట్టు మాత్రం అందరికీ తెలియాలి."

"నేను వద్దనే అంటాను మాస్టారూ."

"అను."

చిట్టికి ఆ హెచ్చరిక మీద నమ్మకం కుదరలేదు. కారు అమ్మేసింది. ఒక ఉదయం పెట్టె సర్దుకుని గుమ్మంలో నిలబడింది.

"ఎక్కడికే?"

"చెప్పనక్కా. నీకు తెలిస్తే వాడు నీ దగ్గరికి వస్తాడు. తెలియకపోతే నువ్వు నిజమే చెప్పొచ్చు, తెలియదని."

బ్రేకమ్మ ఆమెను బస్టాండు దాకా కూడా దింపలేదు. ఏ బస్సు ఎక్కుతుందో చూడాల్సి వస్తుందని.

చాలా రోజులకు తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"బాగున్నావా అక్కా?"

"బాగున్నా. తింటున్నావా?"

"ఆ. పని దొరికింది. నడిచే వెళ్తాను."

"నడుం నొప్పి?"

"తగ్గింది."

చిట్టి వెనక ఎవరో బస్సు తలుపు బాదుతూ ఊళ్ల పేర్లు అరవడం మొదలుపెట్టారు. బ్రేకమ్మ గబుక్కున ఫోను చెవికి దూరంగా తీసి, అరచెయ్యి చాచి పట్టుకుంది. ఆ అరుపులు ఆగాయనుకున్నాక మళ్లీ చెవి దగ్గర పెట్టుకుని, "ఇంకేంటి, చెప్పు" అంది.