కేశవయ్య సారు పరిపాలన

ప్రిన్సిపాలు కుర్చీలో కూర్చోని కేశవయ్య సారు ఇంకోసారి గిర్రున తిరిగినాడు. ప్రిన్సిపాలు మీటింగుకని కర్నూలు పోతూ, సీనియరు కదా అని ఆ ఒక్కరోజుకు చార్జి ఇచ్చిపోయినాడు. పొద్దుగూకితే సారుకు రిటైరుమెంటు. అందుకే తొందర తొందరగా పరిపాలిస్తున్నాడు. బెల్లు కొట్టి అటెండరు చిన్న ఈరన్నను పిలిచినాడు. ఏం పని చెప్పాలో తోచక పంపించేసి, మళ్లీ పిలిచినాడు.

కడపలో ఆడపిల్లల డిగ్రీ కాలేజీ అది. సారు చెప్పేది ఇంగ్లీషు. ఏటా అదే నవల: దీవిలో చిక్కుకున్న బడిపిల్లలు, పెద్దదిక్కు లేక ఒక నాయకుణ్ణి ఎన్నుకొని, చివరికి ఒకరినొకరు వేటాడుకునే కథ. ఆఖరి పాఠం మాత్రం ఏ ఏడూ పూర్తి కాలేదు. మార్చి ఎండకు ఆ రేకుల గదిలో, దీవి మీది పిల్లల కంటే ముందు క్లాసులో పిల్లలు మాయమయ్యేవాళ్లు. ఈరోజన్నా దాన్ని ముగించి పోవాలని ఆయన ఆశ.

"సార్, తొందరగా రాండి! స్టాఫ్‌రూములో కొట్టుకుంటాండారు" అన్నాడు ఈరన్న.

గొడవ కూలరు గురించి. ఉండేది ఒకటే. ఫిజిక్సు శివశంకర్ దాన్ని తనవైపు తిప్పుకున్నాడు. ఎకనామిక్సు కృష్ణవేణమ్మ కొంగు నడుముకు బిగించి తనవైపు తిప్పుకుంది.

"ఏమప్పా, నీకు చెమట పట్టేంత పని యాడుండాది?"

"మీకు శానా ఉండాదా మేడమ్?"

నవల్లో పిల్లలు శంఖం ఎత్తినట్టు సారు డస్టరు పైకెత్తినాడు. "ఇది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడల్ల. మిగతావాళ్లు వినల్ల."

కృష్ణవేణమ్మ డస్టరు అందుకొని మాట్లాడింది. ఆపలేదు. శివశంకర్ లాక్కున్నాడు. ఆమె మళ్లీ లాక్కుంది. సుద్దపొడి లేచి, అంత చదువుకున్నోళ్లూ విభూతి పూసుకున్నట్టయినారు. "సైలెన్స్!" అని సారు అరిచినాడు. ఎవరూ తిరిగి చూడలేదు. ఆయన అధికారం మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోయింది.

అప్పుడే ఆయన పీరియడు బెల్లు మోగింది.

"ఈరన్నా, ప్లగ్గు పీకు."

"యాడికి సార్?"

"నా క్లాసుకు."

కూలరు కిర్రుమంటూ వరండా దాటింది. స్టాఫంతా ఊరేగింపులా దాని వెనకే పోయి, ఆఖరి బెంచీల్లో కూర్చున్నారు. గాలి బాగా తగిలే బెంచీ ఒకటే కాబట్టి శివశంకర్, కృష్ణవేణమ్మ పక్కపక్కనే సర్దుకున్నారు. వెనక ఇంతమంది లెక్చరర్లు కాపలా ఉంటే ఆడపిల్లలు యాడికి పోతారు? పైగా చల్లగాలి.

సారు చెప్పినాడు. వేటలో మునిగిన పిల్లలు ఒక పెద్దాయన ఎదురుపడంగానే ఏడ్చే చోటు వచ్చేసరికి శివశంకర్ తలమీది సుద్ద మెల్లగా దులుపుకున్నాడు.

"ఎవురన్నా ముందే చెప్పుంటే బాగుండు పాపం" అంది కృష్ణవేణమ్మ.

"చెప్పినాడమ్మా ఆ పిల్లల్లో ఒకడు. ఎవురూ వినలా" అన్నాడు సారు.

"మేం వింటాండాం కదా సార్" అని శివశంకర్ లేచి, కూలరును పిల్లల వైపు జరిపినాడు.

"కొంచెమే" అంది కృష్ణవేణమ్మ.

సారు ఆఖరి వాక్యం చదివి పుస్తకం మూసినాడు. చప్పట్లు ఎవరు మొదలుపెట్టినారో తెలీదు.

సాయంత్రం దండ వేసి, లడ్లు పెట్టి, ఉపన్యాసాలు ఇచ్చినారు. ఇంకా ఇస్తుండగానే సారు మైదుకూరు బస్సుకు టైమైందని మెల్లగా లేచి పోయి, బస్సు కిటికీలోంచి టవలు వేసి సీటు పట్టుకొని వెళ్లిపోయినాడు.

ఆ తొందరలో వాళ్లిచ్చిన స్టీలు పళ్లెం బల్లమీదే ఉండిపోయింది. ఎవరి పేరు ముందనే తగాదా లేకుండా, మధ్యాహ్నం బజారుకు పంపి, అందరి పేర్లూ అంచు చుట్టూ గుండ్రంగా కొట్టించిన పళ్లెం, నడిమధ్యలో సారు కొరికి పెట్టిన ఒక సగం లడ్డుతో.