అన్నయ్య ఒప్పుకోని రంగు

ఉప్పుకాగితాన్ని చిన్న మడత పెట్టి, తలుపు కింది పలక మూలల్లో వేలితో నొక్కి రుద్దుతోంది ఆమె. తెల్లటి పొడి మోచేతుల దాకా పట్టింది. మడత పెట్టడంలో ఆమె చేతికి తిరుగులేదు. కాగితమైనా గుడ్డయినా అంచుకు అంచు కలవాల్సిందే. ఆసుపత్రి లాండ్రీలో ఉతికి ఆరిన దుప్పట్లు మడతపెట్టడం ఆమె ఉద్యోగం. అందుకే వీధిలో అందరికీ ఆమె దుప్పట్ల పిన్ని. అసలు పేరుతో పిలిచేవాడు అన్నయ్య ఒక్కడే. ఆయన పోయి ఏడాది దాటింది.

అన్నాచెల్లెళ్లిద్దరికీ పెళ్లి కాలేదు. దాని వెనక పెద్ద కథేమీ లేదు. ఆమె పెళ్లయ్యాక చేసుకుందామని ఆయన, ఆయన పెళ్లయ్యాక చూద్దామని ఆమె ఆగారు. ఆగుతూ ఆగుతూ ఇద్దరి జుట్టూ తెల్లబడింది. పెద్దగా పోట్లాడుకున్నదీ లేదు, ఈ తలుపు దగ్గర తప్ప. రంగు వెలిసినప్పుడల్లా ఆమె నీలం వేద్దామనేది. "తలుపు తలుపులా ఉండాలి, పెళ్లికూతురిలా కాదు," అని ఆయన గోధుమరంగు డబ్బా పట్టుకొచ్చేవాడు. ఆమె రెండు రోజులు మూతి ముడుచుకుని, మూడోనాడు మామూలుగా అన్నం వడ్డించేది.

పోయిన సెలవునాడు పాత రంగు గీకితే గోధుమరంగు కింద గోధుమరంగు, దాని కింద ఇంకాస్త ముదురు గోధుమరంగు బయటపడ్డాయి. "ఒక్కసారైనా నా మాట విన్నావా?" అంది తలుపుతో. పగుళ్లలో లప్పం పెట్టి, పైన తెల్లరంగు పూసింది. ఇవాళ మళ్లీ సెలవు.

పొడి తుడిచి డబ్బా మూత లేపింది. పైన తేలిన నూనెను పుల్లతో అడుగుదాకా కలిపితే చిక్కటి నీలం పైకొచ్చింది. ముందు పలకలు, తర్వాత చుట్టూ చట్రం. కుంచెను పైనుంచి కిందికి ఒకే ఊపున లాగుతూ, చుక్క కారితే ఆరకముందే సర్దుతూ పోయింది. ఎడమ భుజం పొద్దుటి నుంచి లాగుతూనే ఉంది. రుద్దుడు ఎక్కువైందనుకుంది.

రంగు ఆరేదాకా తలుపు మూయడానికి లేదు. ఎప్పుడూ మూసి ఉండే ఇల్లు ఇవాళ వీధంతటికీ కనబడుతోంది. రెండు కుర్చీలు, ఒక మంచం, అన్నయ్య మంచం తీసేసిన చోట నేల మీద నాలుగు గుండ్రటి మచ్చలు.

"ఎంత బావుందో పిన్నీ!" అంది ఎదురింటి కోడలు, బట్టలు ఆరేస్తూ.

"భలే ఉందమ్మా," అన్నాడు పేపరు బిల్లు కోసం వచ్చినతను.

ఆమె తలూపింది. అందరూ బావుందనేవాళ్లే. ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే నేల తగిలినట్టుంది ఆమెకు. ఇన్నేళ్లుగా కూడబెట్టుకున్న జవాబులన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

ఎండ వాలాక గడియారాలు బాగుచేసే ముసలాయన కర్ర ఊతంగా వచ్చి గుమ్మం ముందు ఆగాడు. అన్నయ్యతో చదరంగం ఆడిన మనిషి.

"ఇదేం రంగు చెల్లెమ్మా! మీ అన్న ఉంటే ఈ గుమ్మం తొక్కేవాడా?"

ఆమె కుంచెతో సహా ఇటు తిరిగింది. "తొక్కకపోతే కిటికీలోంచి దూరి వచ్చేవాడు. అన్నం ఉండేది ఇక్కడేగా!"

"గోధుమరంగయితే మట్టి పడ్డా కనబడదు."

"కనబడితేనేగా తుడిచేది! మాసిన చొక్కా మార్చకుండా ఉండటానికి మీరిద్దరూ కనిపెట్టిన వేదాంతం అది."

"రెండు వానలు పడనీ, వెలిసిపోతుంది."

"వెలిస్తే మళ్లీ వేస్తాను. నీలమే వేస్తాను!"

ఆమె గొంతు వీధి చివరిదాకా వినిపించింది. ఎదురింటి కోడలు కంగారుగా తొంగిచూసింది. "మీ అన్నే నయం, కాస్త విని కాదనేవాడు," అని గొణుక్కుంటూ ఆయన వెళ్లిపోయాడు. ఆమె ఒక్కతే నిలబడి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

తర్వాత ఒక అట్టముక్క కత్తిరించి, మిగిలిన రంగుతో "తడి రంగు, ముట్టుకోకండి" అని రాసి గుమ్మం పక్క మేకుకు తగిలించింది. భుజం నొప్పి చేతిలోకి దిగింది. చేతులు కడుక్కుని, తలుపు కనబడేలా కుర్చీ జరుపుకుని కూర్చుంది. చెంపల మీద నవ్వు ఇంకా పూర్తిగా ఆరలేదు. కళ్లు మూసుకుంది.

చీకటి పడుతుంటే ఎదురింటి కోడలు గుమ్మంలోంచి పిలిచింది. "లైటు వేసుకోలేదేం పిన్నీ?"

పలకలేదు. నిద్రపోయిందనుకుని లోపలికెళ్లి లైటు వేసింది. భుజం తట్టింది. తల మెల్లగా పక్కకు ఒరిగింది.

ఆమెను మోసుకెళ్లడానికి నలుగురు వచ్చారు. గుమ్మం ఇరుకు. ఎవరి భుజమూ రంగుకు తగలకుండా గడియారాలాయన తలుపుకు అడ్డంగా అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. వాళ్లు గుమ్మం దాటాక ఎవరో తలుపు దగ్గరికి వేయబోయారు.

"వద్దు, ఇంకా ఆరలేదు," అన్నాడాయన. కుర్చీ గుమ్మంలోకి లాక్కుని కూర్చున్నాడు.

తెల్లారేసరికి తలుపు ఆరింది. మేకుకున్న అట్టముక్క మీద మాత్రం, మందంగా పడ్డ చివరి అక్షరం ఇంకా వేలికి అంటుతూనే ఉంది.