మోకాలు దాటదు

శుక్రవారం మధ్యాహ్నం పట్టిన వాన ఆదివారం తెల్లవారినా వదల్లేదు. గేటు మీంచి విసిరిన పేపరు సగం తడిసిపోయింది. కలీం దాన్ని పొయ్యి పక్కన కాస్త ఆరబెట్టి, లోకంలో ఏం జరిగిందో చూడకుండా, లోపలి ఆదివారం పుస్తకం తీసి పధ్నాలుగో పేజీ తిప్పాడు. తన పేరు ఉంది. ప్రాణం కుదుటపడింది. పేరు పక్కన ఫోటో మాత్రం ఈసారి కూడా వెయ్యలేదు.

కలీం షికార్ల రచయిత. కులూ మనాలీ, కాశ్మీరు లోయ రాసే పెద్దవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళకి రంగుల పేజీ, నల్లకళ్ళద్దాలతో ఫోటో. కలీంది నలుపు తెలుపు పేజీ. గుంటూరులో పొద్దున్నే బస్సెక్కి, దీపాలు పెట్టే వేళకి మళ్ళీ ఇంటికి చేరగలిగిన చోట్ల గురించి మాత్రమే రాస్తాడు. నాలుగేళ్ళుగా వారం తప్పకుండా రాస్తున్నా, చుట్టాల్లో ఒక్కరికీ అతను చేసే పనేమిటో బోధపడలేదు. "ట్రావెల్స్‌లో చేస్తాడంట" అని చెప్పుకుని, పెళ్ళిళ్ళలో పక్కకి లాగి మరీ హైదరాబాదు బస్సులో కిటికీ పక్క సీటు అడుగుతారు. ఒకసారి ప్రత్తిపాడులో ఓ పెద్దావిడ వేసే గారెలు అమృతమని రాశాడు. ఆ ఆదివారం ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి పడి, రోజూ తినే ఊరివాళ్ళకి ఒక్క గారె మిగల్లేదు. తర్వాత కలీం అటు వెళ్తే ఆవిడ అట్లకాడ పట్టుకుని రోడ్డు దాకా తరిమింది. పరిగెత్తాడే గానీ, లోపల కలీంకి బ్రహ్మాండంగా ఉంది. తను రాస్తే జనం కదులుతున్నారు కదా అనుకున్నాడు.

నజ్మీన్ టీ గ్లాసు పెట్టి, అతని చేతిలో పేపరు లాక్కుంది. పెళ్ళైన దగ్గర్నుంచి మొగుడి రాతల్ని పైకి చదివి వెక్కిరించడం ఆవిడ హక్కు.

"తుమ్మలవాగు స్టేజీలో దిగి ఎడమపక్క డొంకదారి పట్టండి," అని రాగం తీసింది. "వంతెన మీంచి వెళ్తే నాలుగు కిలోమీటర్లు చుట్టు. వాగులోంచి నడిస్తే అవతలి గట్టున పాత రాతి మండపం పది నిమిషాల్లో వస్తుంది. చెప్పులు ఇవతలి గట్టు మీదే వదిలేయండి, ఎవరూ పట్టుకుపోరు. నీళ్ళుంటే మరీ మంచిది. చిన్నపిల్లల్లా దిగి దాటండి. మోకాలు దాటదు."

ఆవిడ ఆగింది. బయట చూరు నీళ్ళు ధారగా పడుతున్నాయి.

"ఏమండీ, మీరు ఇక్కడికి ఎండాకాలంలో కదా వెళ్ళింది? వడదెబ్బ తగిలి మూడు రోజులు మంచం దిగలేదు."

"ఆఁ. మే నెల."

"అప్పుడు వాగులో నీళ్ళున్నాయా?"

"చుక్క లేదు. అంతా ఇసక."

"మరి మోకాలు దాటదని ఎవరు కొలిచారు?"

కలీం టీ గ్లాసు కింద పెట్టాడు.

ఎవరూ కొలవలేదు. మే నెలలో రాసిచ్చిన ఐటమ్ అది. పేపరాఫీసులో ఇలాంటివి నాలుగైదు ఎప్పుడూ నిలవ ఉంచుకుంటారు, ఏ వారానికి ఏదీ లేకపోతే తీసి వేస్తారు. మొన్న బుధవారం ఆ పేజీ చూసే జోసఫ్ ఫోను చేశాడు. "కలీం గారూ, మీ వాగు ఐటమ్ ఈ వారం ఎక్కిస్తున్నా. ఏమైనా మార్చాలా?" అన్నాడు. "ఏం అక్కర్లేదు, వేసెయ్యండి" అన్నాడు కలీం. "అయితే అడుగున రెండు లైన్లు ఖాళీ పడుతోంది. ఏదన్నా చెప్పండి, నింపేద్దాం" అన్నాడు జోసఫ్. కలీం తల కూడా గోక్కోకుండా, నీళ్ళుంటే మరీ మంచిదనీ, మోకాలు దాటదనీ ఫోనులోనే చెప్పేశాడు. చెప్పాక, భలే పడిందని మురిసిపోయాడు కూడా.

రెండు లైన్ల ఖాళీ కోసం చెప్పిన మాట. అంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకోటి ఉంది. మేలో ఆ వాగు గట్టున పాక వేసుకుని గేదెలు మేపుకునే మదార్‌బీ అనే పెద్దావిడ అతనికి కుండలో నీళ్ళిచ్చి, "ఎండల్లో వచ్చావు గాబట్టి సరిపోయింది. వానల్లో ఇటు రాబాకు నాయనా. ఇక్కడ చినుకు లేకపోయినా పైన కురిస్తే చాలు, ఉన్నట్టుండి మీదికొస్తది. చూడిగేదెని నా కళ్ళ ముందే లాక్కుపోయింది" అని చెప్పింది. కలీం ఆ మాట తన నోటు పుస్తకంలో రాసుకున్నాడు. ఐటమ్‌లో మాత్రం రాయలేదు. ఆదివారం పూట కాఫీ తాగుతూ చదివేవాళ్ళకి గేదె చావెందుకని వదిలేశాడు.

"ఈ వానలో ఎవరు కదులుతారులే" అన్నాడు.

"మీ చలమయ్య గారు?" అంది నజ్మీన్.

చలమయ్య మంగళగిరిలో చీరలు నేసే మనిషి. కలీంకి ఉన్న ఒకే ఒక్క ఖాయమైన అభిమాని. కలీం రాసిన చోటికల్లా భార్య మల్లేశ్వరిని వెంటబెట్టుకుని వెళ్ళొస్తాడు. వచ్చి కార్డు రాస్తాడు. మీరు చెప్పిన కాఫీ హోటలు మూసి మూడేళ్ళయిందనీ, నూట పది మెట్లన్నారు గాని నూట పదహారున్నాయనీ, మా ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టిందనీ రాస్తాడు. అయినా చివర్లో ప్రతిసారీ, మీరు రాసినట్టే నడిచాం, చాలా బాగుంది అంటాడు. కలీమూ ఆయనా ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు.

"వానకి ఆయన కూడా ఇంట్లోనే ఉంటాడు" అంటూనే కలీం సొరుగు లాగాడు. కార్డులన్నీ రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. ఒకటి తీశాడు. కలీం గారికి నమస్కారాలు, మొన్న వాన పడి మగ్గం గుంటలోకి నీళ్ళొచ్చాయి, పని లేదు, మీరు రాసిన చోటికి పోయొచ్చాం. ఇంకోటి తీశాడు. ముసురు పట్టి మగ్గం గుంట నిండింది, పని లేదు, పోయొచ్చాం. మూడోదీ అంతే.

నేల తవ్వి కాళ్ళు గుంటలో పెట్టి నేసే మగ్గం వాళ్ళది. ఎండ కాసిన రోజుల్లో ఆ మనిషి గుంటలోంచి లేవడు. వాన పడి గుంటలో నీళ్ళు నిలిస్తేనే అతనికి సెలవు. అందరూ తలుపులేసుకునే రోజే చలమయ్య తాళం వేసి బయల్దేరే రోజు. నాలుగేళ్ళుగా ఈ కార్డులు చదివి నవ్వుకున్నాడే గాని, కలీంకి ఆ సంగతి ఇప్పటిదాకా తట్టలేదు.

చలమయ్య ఇంట్లో ఫోను లేదు. కలీం చొక్కా గుండీలు పెట్టుకుంటూనే గొడుగు లేకుండా బస్టాండుకి పరిగెత్తాడు.

పర్చూరు బస్సులు ఆగే చోట జనం పలచగా ఉన్నారు. ఎవరిని వెతకాలి? ముఖం తెలియదు. చివరికి కంట్రోలరు గదిలోకి దూరి, మంగళగిరి నుంచి ఎవరైనా భార్యాభర్తలు వచ్చారా, తుమ్మలవాగు అడిగారా అన్నాడు.

"పెద్దాయనా? చేతిలో పేపరు మడిచి పట్టుకున్నాడు, ఆయనేనా?" అన్నాడు కంట్రోలరు. "ఫస్టు బస్సుకి పంపించా గదండీ. ఈ వానలో ఏం షికారండీ అంటే, పేపర్లో నీళ్ళుంటేనే మంచిదని రాశారండీ అన్నాడు. మీకేమవుతారు?"

కలీం తర్వాతి బస్సు ఎప్పుడని అడిగాడు. తనకి ఏమవుతాడో చెప్పగలిగే మాట ఒకటీ దొరకలేదు.

తర్వాతి బస్సు నలభై నిమిషాలకి కదిలింది. ప్రత్తిపాడు దాటాక రోడ్డుకి రెండు పక్కలా నల్లరేగడి చేలు చెరువుల్లా ఉన్నాయి. మిరప మొక్కలు తలల దాకా నీళ్ళలో ఉన్నాయి. అప్పుడే పగిలిన పత్తికాయలు తడిసి ముద్దయి వేలాడుతున్నాయి. బస్సులో రైతులెవరూ మాట్లాడటం లేదు. వెనక సీట్లో ఒకాయన మాత్రం, "పైన రాత్రంతా దంచిందంట" అని రెండుసార్లు అన్నాడు, ఎవరూ అడక్కుండానే. ఈ దారిలో కలీం ఎన్నిసార్లు వచ్చాడో, ఎన్ని చక్కని మాటలు రాసుకున్నాడో. ఇవాళ కిటికీ చువ్వ పట్టుకుని, యా అల్లా, ఆయన బస్సు చెడిపోయి ఉండాలి, టైరు పేలి ఉండాలి అని మొక్కుకున్నాడు.

తుమ్మలవాగు స్టేజీలో దిగేసరికి వాన తెరిపిచ్చింది. తెరిపి చూసి వాళ్ళు దిగేసి ఉంటారని ఇంకా ఎక్కువ భయమేసింది. డొంకదారిలో అడుగు వేస్తే బురద గుప్పెడు గుప్పెడు పైకి లేస్తోంది. నీళ్ళు కనపడక ముందే చప్పుడు వినపడింది. మేలో ఇక్కడ నిలబడి, ఎంత నిశ్శబ్దం అని రాసుకున్నాడు. ఇప్పుడు తన ఊపిరి తనకే వినపడటం లేదు.

వాగు ఎర్రగా, ఒడ్డు నుంచి ఒడ్డుకి పోతోంది. తుమ్మచెట్టొకటి వేళ్ళతో సహా పొర్లుకుంటూ వెళ్ళింది. అవతలి గట్టున మండపం మెట్లు కనపడటం లేదు.

ఇవతలి గట్టు మీద రెండు జతల చెప్పులు ఉన్నాయి. ఒక మగ జత, ఒక ఆడ జత. పక్కపక్కనే సర్ది ఉన్నాయి. వాటి పక్కన రాయి కింద మడతపెట్టిన పేపరు. పధ్నాలుగో పేజీ.

కలీం బురదలో కూలబడ్డాడు. "చలమయ్య గారూ!" అని అరిచాడు. ఆ మనిషి పేరు పైకి పిలవడం అదే మొదటిసారి. నీళ్ళ హోరులో ఆ పిలుపు రెండు గజాలు కూడా పోలేదు.

ఎంతసేపు అరిచాడో తెలియదు. వెనక మాటలు వినపడి ఆశగా తిరిగాడు. పాతికేళ్ళ భార్యాభర్తలు, చంకలో పాప. స్కూటరు రోడ్డు మీద పెట్టి వస్తున్నారు. ఆయన చేతిలోనూ పేపరే.

"దిగకండి! వెనక్కి పొండి!" అని లేచాడు కలీం.

"పర్లేదండీ. మోకాలు దాటదంట" అన్నాడు అతను నవ్వుతూ. "ఇదుగో, కలీం గారు రాశారు."

"నేనే కలీంని. అది తప్పు. నేను నీళ్ళు చూడలేదు, చూడకుండా రాశాను."

బురద కొట్టుకున్న ఆ మనిషిని వాళ్ళు ఎగాదిగా చూశారు. "ఎవరో తాగున్నాడు, పదండి" అంది భార్య మెల్లిగా. ఫోటో వెయ్యలేదని నాలుగేళ్ళు అలిగాడు కలీం. ఫోటో ఉండుంటే ఇప్పుడు వీళ్ళు గుర్తుపట్టి నమ్మేవాళ్ళు. ఇక ఏం చెప్పాలో తోచక చెయ్యెత్తి ఆ చెప్పులు చూపించాడు.

"వీళ్ళు పొద్దున వచ్చారు" అన్నాడు. "ఇదే చదివి వచ్చారు."

అతను చెప్పుల్ని చూశాడు, వాగుని చూశాడు. పాపని భార్య చేతుల్లోంచి తన చంకలోకి తీసుకున్నాడు. ముగ్గురూ వెనక్కి తిరిగిపోయారు. కలీంకి ఏడుపు ఆగలేదు.

అప్పుడు తుమ్మల మధ్యనుంచి ఓ గేదె అరిచింది. దాని వెనకే మదార్‌బీ వచ్చింది. కలీంని గుర్తుపట్టి, "నువ్వా" అంది. ఆ ఒక్క మాటే అని, పాక వైపు నడిచింది. కలీం ఆవిడ వెంట పడ్డాడు.

పాకలో గోనెపట్టా కప్పుకుని ఒక పెద్దాయన వణుకుతూ కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ కింద చర్మం గీరుకుపోయి నెత్తురు కారుతోంది. రెండు చంకల కిందా తాడు కోసిన ఎర్రటి వాతలు. పక్కన భార్య అతని చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. బతికే ఉన్నారు. ఇద్దరూ బతికే ఉన్నారు. కలీం గుంజ పట్టుకుని నిలబడ్డాడు.

"చలమయ్య గారూ, నేను కలీంని."

అంత వణుకులోనూ ఆ ముఖం వెలిగింది. "మీరా! మీరొచ్చారా! చూడండి, దిగినప్పుడు మోకాలి లోతేనండి. మీరు రాసినట్టే ఉంది. నాలుగడుగులు వేసేసరికి నడుముకొచ్చేసింది. మీ తప్పు లేదండీ."

"రెండు పలుపుతాళ్ళు ముడేసి విసిరా" అంది మదార్‌బీ పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ. "ముందే చెప్పా, దిగబాకయ్యా అని. కాయితం ఊపి చూపించాడు. నీకు కూడా చెప్పా గదా నాయనా. ఆ మాటెందుకు రాయలా?"

కలీం తల దించుకున్నాడు. మల్లేశ్వరి తలెత్తి అతన్ని నిదానంగా చూసింది.

"ఈవిడ ఇక్కడే పుట్టి ఇక్కడే ఉందండి. ఈవిడ మాట నమ్మలేదు మా ఆయన. మీ మాట నమ్మారు" అంది.

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని కలీంకి అనిపించింది.

వాళ్ళని మధ్యాహ్నం బస్సెక్కించి, అతను మళ్ళీ గట్టు మీదికొచ్చాడు. చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాడు. ఇంకో రెండు జట్లు వచ్చాయి. ఈసారి తన పేరు చెప్పలేదు. మదార్‌బీ గేదె సంగతి చెప్పాడు. వెనక్కి వెళ్ళారు.

మర్నాడే ఆఫీసుకి వెళ్ళి, తప్పు తనదేనని రాసిచ్చాడు, మదార్‌బీ మాటని ఆవిడ అన్నది అన్నట్టుగా పెట్టి. "ఆదివారం పూట జనం జడుసుకుంటారండీ" అన్నాడు జోసఫ్. "జడుసుకోనివ్వండి" అన్నాడు కలీం.

నవంబరులో మళ్ళీ వాయుగుండం పట్టింది. మూడు రోజులు కురిసింది. నాలుగో రోజు పోస్టుమాను తడి కార్డు ఒకటి ఇచ్చి వెళ్ళాడు. గుండ్రటి అక్షరాలు చూడగానే చలమయ్యదని కలీంకి తెలిసిపోయింది. నజ్మీన్ చేతికివ్వకుండా తానే చదువుకున్నాడు.

కలీం గారికి నమస్కారాలు. మొన్న వాన పడి మగ్గం గుంటలోకి నీళ్ళొచ్చాయి. పని లేదు. ఇంట్లోనే ఉన్నాం.