రెండు నిమ్మకాయల కారు

ఆ పొద్దున ఆకాశం కోరా గుడ్డలా ఉంది. మబ్బు కాదు, పొగ కాదు. ఉతకని నూలు రంగులో తూర్పు నుంచి పడమర దాకా ఒకే పన్నా పరిచినట్టుంది. పొద్దు ఇంకా పొడవలేదు గాని వేడి ముందే వచ్చి మరాఠీ పట్నంలో తెలుగు నేతగాళ్ళుండే దాజీ పేట్ గల్లీలో కూర్చుంది. కిష్టయ్య అరుగు మీద నిలబడి ఒకసారి పైకి చూశాడు, ఒకసారి కారు కిందికి చూశాడు. పైన వాన లేదు, కింద తడి లేదు. రెండోది చూసి లోలోపల మీసం తిప్పుకున్నాడు.

ఆ కారు ఇద్దరిది. సగం కిష్టయ్యది, సగం తమ్ముడు నర్సయ్యది. ముందు అద్దం దగ్గర రెండు నిమ్మకాయలు వేలాడుతున్నాయి. ఒకటి అన్న కట్టింది. అన్న కట్టిన నిమ్మకాయను నమ్మక తమ్ముడు కట్టింది ఇంకొకటి.

ఆ ఇద్దరికీ మాటల్లేక నాలుగేళ్ళు. తండ్రి పోయాక మగ్గాల కార్ఖానా మధ్యలో గోడ లేచింది. వీధి తలుపున్న సగం అన్నకు వచ్చింది, వెనక సందు సగం తమ్ముడికి వచ్చింది. నూలు లోపలికి పోవాలన్నా, బట్ట బయటికి రావాలన్నా తమ్ముడు అన్న వాకిలి దాటాలి. అన్న ఆ వాకిట్లో మంచం వేసుకుని పడుకున్నాడు. తమ్ముడు చూసి చూసి, తన వాటా మగ్గాలను పాత ఇనుము కొనే భంగార్‌వాడికి తూకానికి అమ్మేసి ఊరి బయటి కుంభారి కాలనీకి పోయి టెంపో నడుపుకుంటున్నాడు. ఆ ఇనుముతోపాటు తండ్రి కూర్చుని నేసిన చేమగ్గం కూడా పొయ్యికట్టెల లెక్కన పోయింది. కిష్టయ్య కడుపులో మంట ఆ చేమగ్గం. నర్సయ్య కడుపులో మంట ఆ మంచం. ఎవరి మంట వాళ్ళు ఆరకుండా ఊదుకుంటూ వచ్చారు.

అటువంటివాళ్ళను ఒక బండి కొనేలా చేసింది చెల్లెలు పోచమ్మ. ఆమెను రాష్ట్రం దాటి సిరిసిల్లలో ఇచ్చారు, పగలంతా పోయే దారి. ఇప్పుడు ఆమె బిడ్డ పెళ్ళి. పెళ్ళికి ముందునాడు పుట్టింటివాళ్ళు వచ్చి పెళ్ళికూతురి తల్లికి ఒడిబియ్యం పోయాలి. పసుపు కలిపిన బియ్యం, చీర, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు తోడబుట్టినవాళ్ళ చేతుల మీదుగా ఆమె కొంగులో పడాలి. పడకపోతే పదిమందిలో ఆమె బోసి ఒడితో నిలబడ్డట్టే. పోచమ్మ ఇద్దరన్నలకూ విడివిడిగా ఫోను చేసి ఒక్కటే మాట చెప్పింది.

"ఇద్దరు ఒక్క బండిల రావాలె. దీపాలు వెట్టకముందే రావాలె. ఒక్కడే వస్తే నేను కొంగు వట్ట. నాకు పుట్టిల్లు లేదనుకుంట."

అన్న కిరాయికి తెచ్చిన బండి తమ్ముడు ఎక్కడు. తమ్ముడు తెచ్చింది అన్న ఎక్కడు. అందుకే సగం సగం వేసుకుని ఒక పాత కారు కొనడం, పెళ్ళి కాగానే అమ్మేసి ఎవరి సగం వాళ్ళు తీసుకోవడం అని ఒప్పందం. ఆ ఒప్పందం కూడా ఎదురెదురుగా కూర్చుని చేసుకున్నది కాదు. మాటలన్నీ కిష్టయ్య భార్య పార్వతీబాయి మీదుగా నడిచాయి.

అక్కల్‌కోట్ రోడ్డు మీద పాత కార్లు అమ్మే మంగేశ్ బానెట్ లేపి, "ఏక్‌దమ్ వెన్న లెక్క నడుస్తది కాకా" అన్నాడు. కారు అసలు రంగేమిటో ఎవరికీ తెలియదు. ఇప్పుడు మాత్రం ఉల్లిపొర రంగులో ఉంది. నర్సయ్య వంగి టైర్లు చూశాడు. కిష్టయ్య బానెట్ దగ్గర చెవి పెట్టి విన్నాడు. మగ్గంలో తప్పు ఎక్కడుందో ఆయన చప్పుడుతోనే పట్టేవాడు.

"వదినా, ఆయనకు చెప్పు. ఇది మగ్గం కాదు. చెవి వెడితే కాలుతది" అన్నాడు నర్సయ్య.

"ఏమే, గాయనకు చెప్పు. మగ్గాలు అమ్ముకున్నోనికి చప్పుడు సంగతి ఏమెరుకని" అన్నాడు కిష్టయ్య.

పార్వతీబాయి ఒళ్ళో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఎక్కడ కూర్చున్నా ఆమె చేయి ఆగదు. "నేనేమన్న టెలిఫోన్ తీగనా? ఇద్దరికి చెవులు మంచిగనే ఉన్నయి గద" అంది తల ఎత్తకుండానే.

మంగేశ్ నవ్వబోయి, ఇద్దరి మొహాలూ చూసి ఆపుకున్నాడు.

కారు ఒక వారం దాజీ పేట్‌లో, ఒక వారం కుంభారిలో ఉండేది. ఆదివారం ఆదివారం చేతులు మారేది. తీసుకునేవాడు చుట్టూ తిరిగి ప్రతి గీత మీదా వేలు పెట్టి, "ఇది నా వారంల వడ్డది కాదు" అని గాలికి చెప్పేవాడు. నర్సయ్య తన వారంలో ప్లగ్గులు మార్చాడు, ఆయిలు మార్చాడు, బ్రేకులు బిగించాడు. కిష్టయ్య తన వారంలో కార్ఖానాలో మిగిలిన తెగుడు నూలు తెచ్చి అద్దాలు తుడిచాడు. అద్దాలు తళతళలాడాయి. నర్సయ్య వాటిని చూసి కూడా ఒక మాట అన్నాడు గాని, అది పార్వతీబాయి చేరవేయలేదు.

ప్రయాణానికి ముందు వారం కారు దాజీ పేట్‌లో ఉండగా, ఒక పొద్దున కిష్టయ్య దాని కింద తడి చూశాడు. రేడియేటర్ కారుతోంది. బాగుచేసేవాడికి చూపిస్తే ఆ మాట సాయంత్రానికి కుంభారి చేరుతుంది. 'నీ వారంలనే కారింది' అన్న మాట పడాలి. ఆ మాట పడడం కంటే ప్రాణం పోవడం నయమనిపించింది. రేడియేటర్‌లో పసుపు వేస్తే సందు పట్టుకుంటుందని టీ కొట్టు దగ్గర రిక్షావాళ్ళు అనుకోవడం ఆయన ఎప్పుడో విన్నాడు. పసుపా? పడుగు పోగులకు గంజి పట్టించి పట్టించి అరిగిన చేతులు తనవి. తెగబోయే పోగును మగ్గం మీద నిలబెట్టేది గంజి కాదూ? పోగును నిలబెట్టేది రేకు సందును పట్టదా?

సగ్గుబియ్యం పిండి పల్చగా కాచాడు. బట్టలో వడగట్టాడు. చేతి అలవాటు కొద్దీ రెండు చుక్కలు కొబ్బరినూనె కూడా వేశాడు. పడుగుకైతే అది మెరుపు. చల్లారాక రేడియేటర్ మూత విప్పి పోశాడు. మర్నాడు కింద పొడిగా ఉంది. ఆ మర్నాడూ పొడే. ఆ వారమంతా కారు గల్లీ చివరి దాకా పోయి రావడమే గాని ఇంజన్ గట్టిగా వేడెక్కింది లేదు. గంజి తన బుద్ధి దాచుకుంది.

ఇప్పుడు, ప్రయాణం నాటి పొద్దున, నర్సయ్య కుంభారి నుంచి మొదటి బస్సుకు దిగి, చంకలో బియ్యం సంచితో వచ్చాడు. ఆయన భార్య రాలేదు, ఆ ఇంటి గడప తొక్కనంది. అరుగు మీద కిష్టయ్య సంచి అప్పటికే ఉంది.

"రెండిండ్ల బియ్యం ఒక్కతాన కలిపి పసుపు వట్టియ్యాలె. ఎప్పటి రివాజు అది" అంది పార్వతీబాయి.

ఇద్దరూ ఎవరి సంచి వాళ్ళు దగ్గరికి జరుపుకున్నారు.

"గాయన రేషన్ బియ్యం తెచ్చిండేమో, అడుగు" అన్నాడు కిష్టయ్య.

"వదినా, బజార్ల మంచివి కొన్న. ఒకరి మంచం దాటి తెచ్చినయి కావు."

పార్వతీబాయి రెండు సంచుల్లోనూ విడివిడిగా పసుపు కలిపి, రెంటికీ రెండు ముడులు వేసి వెనక సీట్లో పెట్టింది. నర్సయ్య బానెట్ లేపి రేడియేటర్ మూత మీద చేయి వేశాడు.

"నా వారంల నేను నీళ్ళు చూడకుంట ఉంచుతనా? చెప్పే గాయనకు" అన్నాడు కిష్టయ్య. గొంతు కొంచెం పెద్దదే అయింది.

"చూస్తే ఏం వోతది?"

"ఇంకొక్క మాట అంటే నేను బస్సుకు వోత" అంది పార్వతీబాయి. నర్సయ్య బానెట్‌ను దభీమని వేశాడు. కారు కదిలింది.

నల్దుర్గ్ దాకా వెన్న లెక్కనే నడిచింది. వెనక సీట్లో పార్వతీబాయి చేటలో బీడీ ఆకు మడిచే చప్పుడు ఒకటే. ఉమర్గా దాటాక ఎండ ముదిరింది. స్టీరింగ్ ముందు ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత మీదికి ఎక్కుతుంటే నర్సయ్య చూశాడు. పక్కన కూర్చున్న కిష్టయ్య కూడా చూశాడు, చూసి కిటికీ వైపు తిరిగాడు. ఆ తర్వాత బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. ఆవిరి వెనకే ఒక వాసన వచ్చింది. కిష్టయ్యకు ఆ వాసన తెలుసు. పుట్టినప్పటి నుంచి తెలుసు.

రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్న ప్రథమేశ్ అనే మెకానిక్ దాకా కారును తోశారు. చల్లారే దాకా ఆగి అతను కింది గొట్టం విప్పాడు. ఏమీ రాలేదు. ఊచ పెట్టి పొడిచాడు. అప్పుడు తెల్లటి జిగురు మీగడలు మీగడలుగా జారి మట్టిలో పడింది.

"హే కాయ్, ఇదేంది కాకా? పాయసం పోసిండ్రా?" అన్నాడు ప్రథమేశ్.

నర్సయ్య కూర్చున్నవాడల్లా లేచి వచ్చాడు. వేలు ముంచి వాసన చూశాడు. సగ్గుబియ్యం, కొబ్బరినూనె. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే చాపమీద ఆ వాసనలోనే పడుకునేవాళ్ళు. ఆయన పార్వతీబాయి వైపు చూడలేదు. నాలుగేళ్ళ తర్వాత నేరుగా అన్న మొహంలోకి చూశాడు.

"గంజి వోసినవానే?"

కిష్టయ్య చేయి తువ్వాలు కోసం వెతుక్కుంది.

"ఇంజన్ల గంజి వోసినవానే, అన్నా?"

"కారుతుండె."

"నాకెందుకు చెప్పలె?"

"చెప్తే నువ్వేమంటవో నాకెరుక."

"నేను మగ్గాలనే భంగార్ల ఏసిన. నువ్వు నా సగం కారును గూడ ఏసినవు." నర్సయ్య వేలును కారుకే తుడిచాడు. తళతళలాడే అద్దం మీద తెల్లటి చార పడింది.

ఇంజన్ పైభాగం విప్పాలని, ఇవాళ అయ్యే పని కాదని ప్రథమేశ్ చెప్పాడు. "బండి ఈడనే ఉంటది. మీరు బస్సుకు పోండి. లగ్గం చూసుకొని రాండి."

పొద్దు ఇంకా చాలా ఉంది. అప్పుడే బస్సెక్కి ఉంటే దీపాల వేళకు ముందే పోచమ్మ వాకిట్లో దిగేవాళ్ళు.

"ఆయన పోనీ వదినా. నేను కారు కాడ ఉంట" అన్నాడు నర్సయ్య. మాట మళ్ళీ పాత దారి పట్టింది.

మగ్గాలు అమ్మినోడు కారు అమ్మడా అనుకున్నాడు కిష్టయ్య. "గాయన్నే పొమ్మను. నేనుంట."

"ఆయన ఉంటే ఇంకేం వోస్తడో అండ్ల."

"ఒక్కరు వోతే పోచమ్మ కొంగు వట్టనన్నది. ఇద్దరు నడువుండ్రి" అంది పార్వతీబాయి.

ఇద్దరూ కదలలేదు. ముందు లేచినవాడు తన సగం వదులుకున్నట్టు. ఒక బస్సు పోయింది. ఆ తర్వాత ఇంకొకటి పోయింది. అన్న కారుకు ఈ పక్క నీడలో, తమ్ముడు ఆ పక్క నీడలో కూర్చున్నారు. నీడలు తిరిగే కొద్దీ వాళ్ళూ జరిగారు, ఒకరికొకరు ఎదురుపడకుండా. కిష్టయ్యకు లేవాలనే ఉంది. చెల్లెలు ఖాళీ కొంగుతో వాకిట్లో నిలబడడం కళ్ళముందు కనబడుతూనే ఉంది. అయినా నీడతోపాటు ఇంకొంచెం జరిగి కూర్చున్నాడు.

పార్వతీబాయి ఫోను మోగింది.

"ఏడిదాక వచ్చిండ్రు వదినా?" పోచమ్మ గొంతు.

"ఉమర్గా."

"పొద్దుగాల లేచి ఇంక ఉమర్గానేనా?"

అటునుంచి ఫోను ఆగిపోయింది. పార్వతీబాయి చేటలోని ఆకును గుడ్డలో మూటగట్టింది. వెనక సీట్లోంచి రెండు సంచులూ తీసి రెండు చేతుల్లో పట్టుకుంది. రోడ్డు మధ్యకు పోయి నిలబడితే బస్సు ఆగక తప్పలేదు.

"నేను వోతున్న. మీ ఇద్దరు కారుకు కావలి ఉండుర్రి. దానికి ఇద్దరన్నలు ఉన్నరు, పోచమ్మకే లేరు" అంది మెట్టు మీద నిలబడి.

బస్సు కదలబోతుంటే ఇద్దరూ ఒకేసారి లేచారు. ఒకడు ముందు తలుపు నుంచి, ఒకడు వెనక తలుపు నుంచి ఎక్కారు. వెనక్కి చూస్తే కారు తలుపు సగం తెరిచే ఉంది. లోపల రెండు నిమ్మకాయలు ఊగుతున్నాయి.

జహీరాబాద్‌లో ఒక బస్సు దిగారు, సిద్దిపేటలో ఇంకొకటి. సిద్దిపేట దాటుతుండగా రోడ్డువారగా ఒక ఇంటి ముందు ఎవరో ఆడమనిషి దీపం పెట్టి దండం పెట్టుకోవడం కిష్టయ్య చూశాడు. ఆ తర్వాత కళ్ళు మూసుకున్నాడు. నిద్ర కోసం కాదు.

వాళ్ళు చేరేసరికి పెళ్ళింట్లో ఒక బంతి భోజనాలు అయిపోయాయి. పందిరి కింద పోచమ్మ ఎదురొచ్చింది. కొత్త చీర కట్టుకుంది. కాళ్ళకు పసుపు ఉంది. కొంగు నడుముకు చుట్టి, బరువుగా ముడివేసి ఉంది. ఆ ముడి చూడగానే కిష్టయ్యకు అర్థమైంది.

"వచ్చిండ్రా. కాళ్ళు కడుక్కోండ్రి" అంది.

"చెల్లె, కారు..." అన్నాడు నర్సయ్య.

"కారు సంగతి నేనడగలె, చిన్నన్నా."

ఆమె పార్వతీబాయి చేతుల్లోకి చూసింది. "రెండు సంచులా?"

పార్వతీబాయి సంచులు రెండూ కిందికి దించింది.

"ఎదురింటి రాజలింగం వోసిండు. మగ్గం బందు వెట్టి, చేతులు కడుక్కొని వచ్చి వోసిండు. అన్నదమ్ములు లేనోళ్ళకు ఎవరన్న ఒకరు వోయాలె గద, పెద్దన్నా?"

ఏడిస్తే బాగుండుననుకున్నాడు కిష్టయ్య. తిట్టినా బాగుండు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. లోపలికి పోయి చాప పరిచింది. సంచులు రెండూ గోడకు ఆనించి ఉన్నాయి. వాటి ముడులు విప్పమని ఎవరూ అడగలేదు.

ఆమె నాలుగు పళ్ళేలు పెట్టింది. అన్నకు ఒకటి, తమ్ముడికి పక్కనే ఒకటి, వదినకు ఒకటి, ఎదురుగా తనకు ఒకటి. అన్నం వడ్డించింది. అన్నం పసుపు పచ్చగా ఉంది. రాజలింగం పోసిన బియ్యంలోంచి రెండు దోసిళ్ళు తీసి వాళ్ళ కోసమే వండి ఉంచింది.

కిష్టయ్య పప్పు కలిపాడు. నర్సయ్య కలిపాడు. ఇద్దరి మోచేతులూ ఒకసారి తగిలాయి, ఇద్దరూ వెనక్కి తీసుకున్నారు. పార్వతీబాయి తల వంచుకుని తింది. పోచమ్మ ఒడి మీద ముడి జారకుండా ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో తింది. పచ్చటి మెతుకు పళ్ళెంలో మిగల్చడానికి ఎవరికీ ధైర్యం లేదు. నలుగురూ చివరి మెతుకు దాకా తిన్నారు.